అమెరికా కళాశాలల ఐస్ హాకీ: డివిజన్ నిబంధనలు, చిన్న కళాశాలలు

అమెరికా కళాశాలల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ తన సభ్య సంస్థలను మూడు డివిజన్లుగా విభజించింది. మూడో డివిజన్‌లో క్రీడా ఉపకార వేతనాలు నిషిద్ధం. పురుషుల ఐస్ హాకీలో రెండో డివిజన్ జాతీయ పోటీ 1999తో ఆగిపోయింది. దాంతో ఆ డివిజన్ కళాశాల మొదటి డివిజన్ జట్లతో తలపడాలి, లేదా జాతీయ టైటిల్ మీద ఆశ వదులుకోవాలి. రెండో డివిజన్‌కు చెందిన మిన్నెసోటా డులుత్ ముందునుంచీ పై స్థాయిలోనే ఆడుతూ 2011, 2018, 2019లలో జాతీయ విజేతగా నిలిచింది. న్యూ ఇంగ్లండ్‌లోని అదే డివిజన్ కళాశాల సెయింట్ ఆన్సెల్మ్ తన కాన్ఫరెన్స్ టైటిల్‌తోనే సరిపెట్టుకుంటోంది. చిన్న జట్ల భవితవ్యాన్ని తేల్చేది కళాశాల పరిమాణం కంటే నిబంధనలూ, వాటిలోని మినహాయింపులే.

పై స్థాయిలో ఆడే మూడో డివిజన్ కళాశాలల్లో కొన్నింటికి మినహాయింపుగా ఉన్న ఉపకార వేతనాలను రద్దు చేయాలన్న ప్రతిపాదన 2004లో ఓటింగ్‌కు వచ్చింది. క్లార్క్‌సన్, కొలరాడో కాలేజ్, రెన్సలేర్, సెయింట్ లారెన్స్ ఉపకార వేతనాలిచ్చే తమ పాత హక్కును నిలబెట్టుకున్నాయి. ఆ హక్కు లేని యూనియన్ కాలేజ్ 2014 మొదటి డివిజన్ జాతీయ ఫైనల్లో మిన్నెసోటాను 7-4తో ఓడించింది. దీన్ని చూపి ఉపకార వేతనాలు అక్కర్లేదని వాదించవచ్చు. అయితే ఒక్క విజయం నియమం కాదు. ఆర్థిక అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం ప్రతి ఆటగాడికీ అందదు. అవకాశం రాగానే 2022లో యూనియన్ కూడా ఉపకార వేతనాలవైపే మొగ్గింది. మినహాయింపు మూడో డివిజన్ స్ఫూర్తికి విరుద్ధమన్న అభ్యంతరంలో కొంత న్యాయముంది. కానీ ఆ జట్ల ప్రత్యర్థులు మొదటి డివిజన్ వాళ్లే కనుక, తోటి మూడో డివిజన్ జట్లకు రింక్‌లో నష్టమేమీ లేదు. ఎవరితో ఆడుతున్నారో చూసి నిబంధన పెట్టడమే సబబు.