ఎత్తరాదన్న చేయి

కర్ణాటకమందలి తుమకూరు జిల్లాకు చెందినదయ్యును ఇంచుమించు అన్ని దిక్కుల అనంతపురపు సీమచేతనే ఆవరింపబడి, 1956లో రాష్ట్రములు భాషానుసారముగా పునర్విభక్తములైనప్పుడు మైసూరులోనే నిలిచిపోయియు, నేటికిని ఇంటను వాకిటను తెలుగే పలుకుచున్న పావగడ తాలూకాలో స్త్రీ జీవనమెల్ల చేతిబలముమీదనే నడచును. వేకువ నీళ్ల బిందె చంకనెత్తుట మొదలు, చేలో చెనిక్కాయ చెట్లు పెరికి కాయలు తెంచుట, రాత్రి పొయ్యిమీద ఉడుకు సంగటిని తెడ్డుతో గట్టిగా కెలికి ముద్ద చేయుట వరకు భుజముతో నిమిత్తము లేని పని ఆమెకు లేదు. అట్టి స్త్రీ రొమ్ము క్యాన్సరు వాతబడి, శస్త్రచికిత్స ముగిసి ప్రాణముతో ఇల్లు చేరిన పిమ్మట, ఆ ప్రక్క చేతితో ఇక బరువెత్తరాదన్న నిషేధము ఆమెకు రెండవ రోగమే యగును. ఈ నిషేధము ఎట్లు పుట్టి ఎట్లు సడలెనో తెలిసికొనుట అందుచేత మనకత్యావశ్యకము.

బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడగు విలియం హాల్‌స్టెడ్ 1894లో ప్రకటించిన పద్ధతిని బట్టి, రొమ్మును, దాని క్రింది ఛాతీ కండరములను, చంకలోని లసికా (లింఫు) గ్రంథులను ఒక్కసారిగా తొలగించుట బహుకాలము ప్రామాణిక చికిత్సగా చెల్లెను. ప్రాణరక్షణమే పరమావధియైన ఆ దినములలో చేతి సంగతి వెనుకబడెను. గ్రంథులు పోయిన చంకలో లసిక ప్రవహించు త్రోవ చెడి కొందరికి చేయి వాచెడిది; గాయపు మచ్చ బిగిసి భుజము లేవకుండెడిది. శ్రమించినచో వాపు హెచ్చునను శంకతో వైద్యులు చేతికి విశ్రాంతి విధించిరి. ఆ శంక నిష్కారణము కాదు గాని, దానిని ఎవరును పరీక్షించి చూడలేదు. తరతరములుగా చెప్పబడుటయే దానికి ప్రమాణమైనది.

మొదటి ధిక్కారము రోగినుండియే వచ్చెను. 1952లో ఈ శస్త్రచికిత్స పొందిన న్యూయార్కు వనిత టెరీస్ లాసర్, తనవంటి స్త్రీల పడకల యొద్దకు రబ్బరు బంతి చేతబట్టుకొని వెళ్లి వ్యాయామములు నేర్పుచు ఒక ఉద్యమమునే లేవదీసెను. పిదప శస్త్రవైద్యుడగు బెర్నార్డ్ ఫిషర్ పరిశోధనలు కోత పరిమితిని తగ్గించెను. 1996లో వాంకూవరునందు డాన్ మెకెంజీ యను వైద్యుడు, ఈ వ్యాధినుండి బయటపడిన 24 మంది స్త్రీలచే పొడవైన పడవను తెడ్లు వేయించి, చేతులకు కీడు కలుగలేదని చూపెను. తుదకు పరిశోధకురాలగు కాథ్రిన్ ష్మిట్జ్ బృందము, చేయి వాచియున్న 141 మంది స్త్రీలను పరీక్షకు గైకొని, వారిలో ఒక వర్గముచే వారమునకు రెండు మారులు, తొలుత శిక్షకుల కనుసన్నలలో, చేతికి బిగుతు తొడుగుతో, అత్యల్పమైన బరువుతో మొదలిడి క్రమక్రమముగా హెచ్చించుచు ఎత్తించెను. ఏడాది గడచునప్పటికి వాపు హెచ్చలేదు, ఉన్నట్టుండి వాపు ముదురుట తగ్గెను, బలము పెరిగెను. 2009లో ఈ ఫలితము ప్రకటితమగుటతో పాత నిషేధమునకు పునాది కదలెను.

పావగడ సీమ రోగులకు దిక్కైన బెంగుళూరు కిద్వాయి స్మారక క్యాన్సరు ఆసుపత్రి 1973లో వెలసెను. అదే నగరమందు వివేకానంద యోగ అనుసంధాన సంస్థవారు రొమ్ము క్యాన్సరు రోగులలో యోగాభ్యాసముయొక్క ఫలమును శాస్త్రీయముగా పరిశోధించిరి. అయినను బెంగుళూరులో నేర్చిన వ్యాయామము బస్సు దిగి ఊరు చేరునప్పటికి నిలిచియుండుటెట్లు? పావగడలోనే స్వామి జపానందులు కుష్ఠు, క్షయ రోగులకు చేసిన సేవ ఇచ్చట మార్గదర్శకము. రోగి యున్న చోటికి ఆదరణ వెళ్లవలెనని ఆ సేవ చాటినది.

చేతి వ్యాయామసాధనకు ఖరీదైన యంత్రములక్కరలేదు. గోడకెదురుగా నిలిచి, వ్రేళ్లను మెల్లగా పైకి ప్రాకించి, నాడు అందిన ఎత్తున సుద్దతో గీత గీసికొని, మరునాడు దానిని దాటజూచుట ఎట్టి గుడిసెలోనైనను సాధ్యమే. 2019 నాటి అంతర్జాతీయ సూచనలు వారమునకు మూడు మారులు అరగంట చొప్పున చురుకైన నడక వంటి వ్యాయామమును, రెండు మారులు బలసాధనను క్యాన్సరు దాటిన వారికి హితమని పలికినవి. కాని కోత పచ్చిగా నుండగా తొందరపడరాదు. వాపుగాని ఎఱ్ఱదనముగాని జ్వరముగాని కనిపించిన వెంటనే వైద్యుని చూడవలెను. కావున తాలూకా ఆసుపత్రిలో ఈ విద్య తెలిసిన వ్యాయామచికిత్సకులుండి, మందుచీటీతో పాటు వ్యాయామక్రమమును తెలుగున వ్రాసి యిచ్చుటయు, గ్రామములలో ఆశా కార్యకర్తలు దానిని నెలనెల విచారించుటయు చికిత్సలో భాగములు కావలెను. ప్రాణమును దక్కించిన వైద్యము, ఆ ప్రాణము నిలిచి బ్రదుకుటకు వలసిన శక్తిని గూడ తిరిగి యిచ్చినప్పుడే సంపూర్ణమగును.