డబ్బు ఎవరి పేరున వచ్చింది?

పోయిన వారం మా అబ్బాయి సింగపూర్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఇకనుంచి నీ యూపీఐకే పంపేస్తా" అన్నాడు. మన యూపీఐని అక్కడి పేనౌతో 2023 ఫిబ్రవరి 21న కలిపారు కదా, అలాగన్నమాట. కృష్ణానగర్‌లో మా వంటింట్లో పోపు వేగేలోపే నా ఫోన్ టింగుమంది.

నేను మురిసిపోతుంటే మావారు అడిగిన మొదటి మాట, "ఎవరి అకౌంట్లో పడింది?" అని. "నా అకౌంట్లోనే" అన్నాను. "అయితే సరే" అన్నారు. ఆ "సరే" వెనక మా ఇంటి కథ ఒకటుంది. అది చెప్పేముందు ఇంకో పెద్ద ఇంటి కథ చెప్పాలి.

సరిహద్దు దాటి డబ్బు పంపడం మనకి దుబాయితో మొదలవలేదండీ. మా అమ్మమ్మ పుట్టిల్లు నందిగామ, అత్తిల్లు మధిర. పెద్ద దూరమేం కాదు. కానీ నందిగామ ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉండేది, మధిర నిజాం రాజ్యంలో. అక్కడ కల్దారు రూపాయి, ఇక్కడ హాలీ సిక్కా. ఆరు కల్దార్లకి ఏడు హాలీలు. పుట్టింటికి వెళ్లాలంటే చీరలు సర్దుకోవడంతోపాటు రూపాయలూ మార్చుకోవాలి. నూరు కల్దార్లకి నూట పదహారు హాలీలు, పైన కొంత చిల్లర వచ్చేది. మన నూట పదహార్ల చదివింపులు అందుకే వచ్చాయనేవాళ్లూ ఉన్నారు. హాలీ సిక్కా 1959 దాకా చెల్లింది. ఆ సిక్కా వ్యవహారాలు చూడ్డానికే 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తెరిచారు. మొన్న 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయిన ఎస్‌బీహెచ్ అదే.

సొంత రూపాయి ఉన్న ఆ రాజ్యానికి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోనూ ఒక ఖాతా ఉండేది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు. సరిగ్గా ఆ గందరగోళంలోనే నిజాం ఆర్థికమంత్రి మొయిన్ నవాజ్ జంగ్ ఆ ఖాతాలోని 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్‌గా ఉన్న హబీబ్ ఇబ్రహీం రహింతులా పేరుకి మార్పించారు. షిల్లింగులు కూడా వదల్లేదు చూడండి!

ఆ నెలలోనే నిజాం "నేను ఒప్పుకోలేదు, నా డబ్బు వెనక్కి వేయండి" అని బ్యాంకుకి కబురు పెట్టారు. ఖాతా ఇప్పుడు ఇంకొకరి పేరున ఉంది, ఆయన ఒప్పుకోకుండా ఇవ్వలేమంది బ్యాంకు. నిజాం కోర్టుకెళ్లారు. పరాయి దేశం మీద ఇక్కడ దావా నడవదని 1957లో అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చేసింది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరున్న మనిషి, తన డబ్బు తనకి రాకుండానే 1967లో కన్నుమూశారు.

డబ్బు మాత్రం వడ్డీతో పెరుగుతూ పోయింది. 2013లో పాకిస్తానే దావా వేసేసరికి ఆ పాత అడ్డు తొలగింది. ఆయుధాలు సరఫరా చేసినందుకు మాకిచ్చిన సొమ్మని వాళ్లన్నారు. భారత ప్రభుత్వం, నిజాం మనవలు ముకర్రం జా, ముఫఖ్ఖం జా ఒక వైపున నిలబడ్డారు. 2019 అక్టోబరు 2న జడ్జి మార్కస్ స్మిత్, ఆ డబ్బు రహింతులా పేరున ఉన్నా అది నిజాందేనని తీర్పిచ్చారు. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది, మన లెక్కలో సుమారు 300 కోట్ల రూపాయలు. సంతకాలు పెట్టినవాళ్లెవరూ అప్పటికి బతికి లేరు. సాక్ష్యమంతా పాత కాగితాలే.

ఇక మా ఇంటి సంగతి. 1991లో మావారు దుబాయి వెళ్లారు. నాకప్పుడు బ్యాంకు ఖాతా లేదు. "ఆడవాళ్లకెందుకు, నేనున్నాగా" అన్నారు బావగారు. డ్రాఫ్టులన్నీ ఆయన పేరునే రిజిస్టర్ పోస్టులో వచ్చేవి. అమీర్‌పేటలో బ్యాంకులో వేసి, అవి పాసయ్యాక నెలనెలా ఇంటి ఖర్చుకి నాకింత అని ఇచ్చేవారు. ఆరేళ్ల డబ్బుతో 200 గజాల స్థలం కొన్నారు. రిజిస్ట్రేషనూ ఆయన పేరునే అయింది.

బావగారు మోసం చేసే మనిషి కాదు. "అది తమ్ముడిదే" అని అందరి ముందూ అనేవారు. కానీ ఒకరోజు ఉన్నట్టుండి గుండెపోటుతో పోయారు. ఏడాది తర్వాత స్థలం మాట వస్తే వాళ్ల పెద్దబ్బాయి, "కాగితం నాన్న పేరున ఉంది కదా బాబాయ్" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేను, వాడు చూసింది కాగితమే. ఆ రాత్రి మేమిద్దరం అన్నం ముట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత మా తోడికోడలు అక్కయ్య కబురు చేసింది. వెళ్తే, ట్రంకుపెట్టెలోంచి ఉత్తరాల కట్ట తీసి పిల్లల ముందు పెట్టింది. ప్రతి డ్రాఫ్టుతోపాటు మావారు రాసినవి. "అన్నయ్యా, ఇంటి ఖర్చుకి ఇంత, మిగిలింది స్థలానికి ఉంచు" అని నెలనెలా రాశారు. "చదవండిరా, ఇది మీ బాబాయి కష్టం" అంది. భర్త పోయి, పెళ్లీడు కూతురున్న మనిషి. ఊరుకుని ఉంటే ఎవరూ అడిగేవాళ్లు లేరు. తర్వాత తల్లీపిల్లలు వచ్చి స్థలం మా ఇద్దరి పేర్లకీ రాసిచ్చారు. నేను నా పేరున మొదటి ఖాతా తెరిచింది ఆ నెలలోనే.

లండన్ కథ చదివినప్పుడల్లా నాకు అక్కయ్యే గుర్తొస్తుంది. అక్కడ 71 ఏళ్లు పట్టిన న్యాయం, ఆవిడ ఒక్క సాయంత్రంలో చేసేసింది. కానీ అందరిళ్లలోనూ అక్కయ్యలు ఉండరు కదా!

అందుకే అబ్బాయికి తిరిగి ఫోన్ చేశాను. పంపినప్పుడల్లా దేనికో ఒక ముక్క రాయమన్నాను. ఇక్కడి వాడి పాత సేవింగ్స్ ఖాతాని ఎన్నార్వోగా మార్పించుకోమన్నాను, విదేశంలో స్థిరపడ్డాక దాన్ని మామూలు ఖాతాగా ఉంచకూడదు. నామినీగా నా పేరు రాశానన్నాడు. నామినీ అంటే సొంతదారు కాదు నాన్నా, తీసుకుని వారసులకి అప్పగించాల్సిన మనిషి, అది కోడలికీ చెప్పు అన్నాను.

మీ ఇంటికొచ్చే డబ్బు ఎవరి పేరున వస్తోందో ఒక్కసారి చూసుకోండి. నమ్మకం లేక కాదు. నమ్మిన మనిషి రేపు లేకపోయినా ఆ నమ్మకం నిలబడాలని.