కవచానికి వన్నె ఏది?

కర్ణుని సహజకవచాన్ని గురించి ముప్పది యేండ్లు పాఠం చెప్పినవాణ్ణి. ధగధగ, మిలమిల, తళతళ అంటూ ధ్వన్యనుకరణాలన్నీ ఒలకబోశానే గాని, ఆ మెఱుపు ఎక్కడినుండి వస్తుందని ఒక్కనాడూ ప్రశ్నించుకోలేదు. పదవీ విరమణ చేసిన తరువాత మా అబ్బాయి తెచ్చి ఇచ్చిన బొమ్మ ఆ ప్రశ్న వేసింది. 16వ శతాబ్దపు యూరోపు ఆశ్వికుని ప్రతిమ అది; తల, ఛాతీ వరకే ఉంటుంది. రెజిన్‌తో పోతపోసినది, నాలుగంగుళాల ఎత్తైనా లేదు. రంగులు మనమే వేసుకోవాలి.

ఉక్కు కవచమే గదా అని వెండిరంగు పూసేశాను. ఆరిన తరువాత చూస్తే వీరుడు కాదు, అల్యూమినియం చెంబు! ఆ రంగులో ఉండేది సన్నని లోహపు పొడి. ఆ రేణువులు వెలుతురును తలొక దిక్కుకూ చిమ్ముతాయే గాని అద్దంలాగా ప్రతిబింబాన్ని నిలపలేవు. పైగా అవి పట్టేది మా వరండా ట్యూబులైటును, యుద్ధభూమి మీది ఆకాశాన్ని కాదు.

ఈ తగవు కొత్తది కాదు. ఇటలీ పండితుడు లియోన్ బాటిస్టా అల్బెర్టీ 1435లో చిత్రకళను గురించి వ్రాసిన గ్రంథంలో, బొమ్మల్లో నిజమైన బంగారాన్నే వాడే చిత్రకారులను మెచ్చుకోలేదు. మామూలు రంగులతో బంగారు కాంతిని భ్రమింపజేయడంలోనే ఎక్కువ గొప్ప ఉందన్నాడు. (బడి నాటకాలకు కాకిబంగారం అతికించి కిరీటాలు చేయించిన నాకు ఆ మాట కొంచెం గుచ్చుకుంది.)

ఆ విద్య ఎంతవరకు పోగలదో టిషియన్ చూపాడు. 1547 ఏప్రిల్ 24న మ్యూల్‌బెర్గ్ యుద్ధంలో గెలిచిన చక్రవర్తి అయిదవ చార్లెస్‌ను అతడు 1548లో ఆగ్స్‌బర్గ్‌లో గుఱ్ఱం మీద చిత్రించాడు. ఆ చిత్రం మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. వింత ఏమిటంటే, ఆ కవచం కూడా అదే నగరంలో, రాజాయుధశాలలో ఉంది! ఆగ్స్‌బర్గ్‌కు చెందిన డెసిడేరియస్ హెల్మ్‌ష్మిడ్ 1544లో చేసినది. రెండింటి ఫొటోలూ తెరమీద పక్కపక్కన పెట్టుకుని ఎన్ని సాయంకాలాలు గడిపానో! చిత్రంలోని ఉక్కును దగ్గరగా చూస్తే నలుపు, బూడిద వన్నెల నడుమ అక్కడక్కడ తెల్లని కుంచె తాకుడు, అంతే. మెఱుగుపెట్టిన ఉక్కుకు స్వంత వన్నె బహు స్వల్పం. చుట్టూ ఉన్నదాన్ని చూపే అద్దమది. మొగలు సేనల్లో ఛాతీకి, వీపుకు, రెండు పక్కలకు పలకలుగా కట్టుకున్న కవచాన్ని ‘చార్ ఆయినా’ అన్నారు. పారసీకంలో ఆ మాటకు ‘నాలుగద్దాలు’ అని అర్థం. ఆ పేరు పెట్టినవాడు ఎరిగిన సంగతి ఈ పండితుడికి అందడానికి ఇంతకాలం పట్టింది.

మళ్లీ నల్లరంగుతో మొదలుపెట్టాను. నీళ్లు కలిపిన ఆక్రిలిక్ రంగులు, పలుచని పూతలు. ఆకాశం వైపు తిరిగిన భాగాలకు లేత నీలిబూడిద. నేలవైపు వంగిన చోట మట్టిరంగు. రెండూ కలిసేచోట దిగంతంలాగా చీకటి గీత. అతి తెలుపు పక్కనే అతి నలుపు ఉంటేనే కన్ను దాన్ని లోహమని ఒప్పుకుంటుంది. మెల్లగా కలిపేస్తే పట్టుబట్ట అయిపోతుంది. శిరస్త్రాణం గుండ్రన గనుక వెలుగు చుక్కగా కూడుకుంటుంది. పైచేతి కవచం గొట్టంలాంటిది గనుక పొడుగునా గీతగా సాగుతుంది. రివెట్ల చుట్టూ కాస్త తుప్పు. తుప్పు వేయడంలో ఏదో ఆనందముంది, మోతాదు మించింది. వీరుడు పాతసామాన్ల కొట్టునుండి లేచివచ్చినట్లున్నాడు. తుడిచి మళ్లీ వేశాను.

ఎడమ భుజం ఇంకా మిగిలింది. ఛాతీమీది ఎఱ్ఱని పట్టీ ఛాయ దానిమీద పడాలి. వరండాలోకి ఎండ వచ్చే వేళ స్టీలు చెంబు పక్కన ఎఱ్ఱగుడ్డ పెట్టి చూస్తున్నాను. చెంబు ఎప్పుడిస్తారని మా ఇంటావిడ ఇప్పటికి రెండుసార్లు అడిగింది.