తప్పు ఎవరి తెర మీద?

1962లో ఎమ్ఐటీ వాళ్లు అచ్చువేసిన లిస్ప్ 1.5 అనే ప్రోగ్రామింగ్ భాష మాన్యువల్లో ఒక తమాషా సూచన ఉంది. కార్డుల కట్ట చివర ‘స్టాప్’ అని కొట్టి, దాని పక్కనే కుడి బ్రాకెట్లు వరసగా బోలెడు కొట్టమంటుంది. ప్రోగ్రామ్‌లో ఎక్కడో ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతే, లెక్క సరిపోయేదాకా యంత్రం చదువుతూనే పోతుంది కదా. చివరి బ్రాకెట్ల గుంపు ఆ లోటును పూడుస్తుంది. తప్పు ఎక్కడుందో మాత్రం చెప్పదు. తప్పులు చెప్పడానికి వేరే సంకేతాలుండేవి. ‘ఏ 8’ అని అచ్చయితే చరరాశికి విలువ లేదని, ‘ఏ 2’ అంటే ఫంక్షన్‌కు నిర్వచనం లేదని అర్థం. మిగతాది రాసినవాడు కాగితం ముందేసుకుని తేల్చుకోవాలి.

లిస్ప్ చరిత్రను కొత్త సదుపాయాల జాబితాగా చెప్పడం మామూలే. నేను మాత్రం ఒక ప్రశ్న పట్టుకుని చదువుతాను. తప్పు బయటపడే క్షణాన యంత్రం ముందు కూర్చున్నది ఎవరు? రాసినవాడా, రాసినవాడి మొహం కూడా ఎరగని పరాయివాడా? డీబగ్గర్ ఎలా ఉండాలి, కంపైలర్ ఎంత కటువుగా ఉండాలి అన్న తగవులన్నీ దీని చుట్టూనే తిరిగాయి.

మొదట్లో రాసినవాడే. జాన్ మెకార్తీ 1958లో లిస్ప్ మొదలుపెట్టాడు. ఆయన కాగితం మీద రాసుకున్న ‘ఇవాల్’ ఫంక్షన్‌ను ఐబీఎం 704 యంత్రభాషలోకి చేత్తో దించి, లిస్ప్ ఇంటర్‌ప్రెటర్‌గా మార్చింది స్టీవ్ రస్సెల్. కొన్నాళ్లకు జేమ్స్ స్లాగిల్ రాసిన ఒక ప్రోగ్రామ్ తేడా చేసింది. ఒక ఫంక్షన్‌ను ఇంకో ఫంక్షన్‌కు అందించినప్పుడు, ఇక్కడి పేరు అక్కడి పేరుతో కలిసిపోయి తప్పు విలువ వచ్చింది. అది మామూలు బగ్గే, రస్సెల్ సరిచేసేస్తాడులే అనుకున్నానని మెకార్తీ తర్వాత ఒప్పుకున్నాడు. ఆ మామూలు బగ్గు ‘డైనమిక్ స్కోప్’ అనే గౌరవనామంతో రెండు దశాబ్దాలకు పైగా లిస్ప్ ఇంట్లో కాపురం చేసింది.

అది చేసిన అల్లరి కంపైలర్ వచ్చాక గానీ పూర్తిగా తెలియలేదు. 1962లో టిమ్ హార్ట్, మైక్ లెవిన్ లిస్ప్ కంపైలర్‌ను లిస్ప్‌లోనే రాశారు. ఇంటర్‌ప్రెటర్ మీద దాన్ని నడిపించి, దాని చేతే దాన్ని కంపైల్ చేయించారు. ఎంత ముచ్చటైన పనో! కానీ ఇంటర్‌ప్రెటర్ ప్రతి పేరునూ, ఎవరు ఎవర్ని పిలిచారన్న వరసలో వెనక్కి వెతికేది. కంపైలర్‌కు అంత తీరిక లేదు. పేర్లు చెరిపేసి, విలువలను స్టాక్‌లో ఫలానా చోట అని గుర్తుపెట్టుకునేది. పేరు ఉంచమంటే ‘స్పెషల్’ అని ముందే చెప్పాలి. దాంతో ఎమ్ఐటీ వాళ్ల మాక్‌లిస్ప్ కాలంలో ఇంటర్‌ప్రెటర్ కింద పువ్వులా నడిచిన ప్రోగ్రామ్, కంపైల్ చేయగానే మొరాయించేది. ఒకే ప్రోగ్రామ్‌కు రెండు అర్థాలు. 1975లో సస్‌మన్, స్టీల్ స్కీమ్ అనే లిస్ప్‌తో దారి చూపారు: పేరును, అది రాసి ఉన్న చోటును బట్టే వెతకాలి. 1984లో గై స్టీల్ పుస్తకం వర్ణించిన కామన్ లిస్ప్, ఇంటర్‌ప్రెటరూ కంపైలరూ ఒకే మాట చెప్పాలని తీర్మానించింది.

ఈలోగా ఇంకో వంశం సరిగ్గా ఎదురుదారిలో వెళ్లింది. వారెన్ టైటెల్‌మన్ 1966లో ఎమ్ఐటీకి సమర్పించిన సిద్ధాంతవ్యాసం నుంచే ఆయన ఆలోచన ఒకటి. తప్పు చేసిన మనిషిని ఆపి మందలించడం కంటే, ఆ మనిషి ఉద్దేశం ఊహించి పని కానిచ్చేయాలి. బీబీఎన్ లిస్ప్‌లో మొదలై, జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఇంటర్‌లిస్ప్‌గా పెరిగిన వ్యవస్థలో దీని పేరు ‘డ్విమ్’. ‘నా ఉద్దేశమేదో అదే చెయ్యి’ అని దాని భావం. పేరులో అక్షరం తారుమారైతే సరిదిద్దేది, బ్రాకెట్ బదులు పక్క మీట నొక్కితే గ్రహించేది. గిట్టనివాళ్లు మాత్రం ఆ పేరులోని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలనే విడదీసి ‘వారెన్ గారి పాడు యంత్రం’ అనేవారు. అది సరిదిద్దేది టైటెల్‌మన్ చేసే తప్పుల్నే, మిగతావాళ్ల చేతి అలవాటు దానికి తెలియదని వాళ్ల ఫిర్యాదు.

హ్యాకర్ల నిఘంటువులో ఒక కథ ఉంది. డిస్కులో చోటు కోసం ఒకాయన, చివర డాలర్ గుర్తున్న బ్యాకప్ ఫైళ్లన్నీ తుడిచేయమన్నాడు. అలాంటి ఫైలు ఒక్కటీ లేదు. ‘దొరకలేదు, అన్నీ తుడవమన్నారని అనుకుంటున్నాను’ అని డ్విమ్ పనిలోకి దిగింది. యంత్రాన్ని ఆపేలోపు అరడజను ఫైళ్లు పోయాయట. పెళ్లివారి వంటకు ఉప్పు తెమ్మంటే కొట్టునే మోసుకొచ్చే మేనల్లుడు గుర్తొస్తాడు.

మూడో దారి ఎమ్ఐటీ లిస్ప్ మెషీన్లది. వాటిలో ప్రతి విలువ మీదా రకం చెప్పే బిట్లు ఉండేవి. కూడిక జరుగుతుండగానే, అవి కూడదగిన విలువలేనా అని హార్డ్‌వేర్ చూసేది. ఆ తనిఖీ దాదాపు ఉచితం కాబట్టి కంపైలర్ కటువుగా ఉండాల్సిన పనే లేకపోయింది. తప్పు జరిగితే జరిగిన చోటే అంతా నిలిచిపోయి డీబగ్గర్ తెర తెరుచుకునేది. అక్కడి అనుభవాన్ని కెంట్ పిట్‌మన్ కామన్ లిస్ప్ కండిషన్ వ్యవస్థగా మలిచాడు. అది 1994లో వచ్చిన ఆన్సీ ప్రమాణంలో భాగం. చాలా భాషల్లో తప్పు జరగ్గానే పిలుపుల దొంతర కూలిపోతుంది, తర్వాత మిగిలింది పంచనామా. లిస్ప్‌లో దొంతర అలాగే నిలబడి ఉంటుంది. ‘విలువ ఇస్తారా, మళ్లీ ప్రయత్నించనా, వదిలేయనా’ అని రీస్టార్ట్‌ల జాబితా వస్తుంది. ఫంక్షన్‌ను అక్కడికక్కడ తిరగరాసి, ఆగినచోటి నుంచే కొనసాగించవచ్చు.

ఈ పద్ధతి ఎంత దూరం వెళ్లిందంటే, భూమి దాటింది. 1999 మే నెలలో నాసా డీప్ స్పేస్ 1 నౌకను కొంతసేపు లిస్ప్‌లో రాసిన రిమోట్ ఏజెంట్ నడిపింది. ప్రయోగం మొదలైన మర్నాడే అది కొయ్యబారిపోయింది. రెండు పనులు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చున్నాయి. కోట్ల కిలోమీటర్ల అవతల నడుస్తున్న లిస్ప్‌ను ఇక్కడి నుంచి ప్రశ్నించగలగడం కారణం తేల్చడానికి అక్కరకొచ్చింది. ఈ కథను లిస్ప్ అభిమానులు ఇక్కడే ఆపేస్తారు. అంతకు రెండేళ్ల ముందు, 1997లో, క్లాస్ హావెలుండ్ బృందం అదే ఏజెంట్‌లో ఒక భాగాన్ని స్పిన్ అనే తనిఖీ సాధనంతో పరీక్షించి ఐదు దోషాలు పట్టుకుంది. ఆకాశంలో బయటపడిన దోషం వాటిలో ఒకదానికి అచ్చంగా కవల, తనిఖీ చేయని భాగంలో ఉంది. ముందే వెతకడం గొప్పా, తర్వాత మాట్లాడగలగడం గొప్పా అన్న వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు. అది రెండు పక్షాలకూ పనికొస్తుంది.

నేల మీద లిస్ప్ మెషీన్ల వ్యాపారం చల్లారి, లిస్ప్ మామూలు యంత్రాలకు చేరింది. అక్కడ రకం బిట్ల సాయం లేదు, ప్రతి తనిఖీకీ సమయం ఖర్చు. కాబట్టి చాలా కంపైలర్లు ప్రోగ్రామర్ ‘ఇది పూర్ణాంకం’ అని ప్రకటిస్తే నమ్మేసేవి. ప్రకటన అబద్ధమైతే మెమరీ ఛిద్రం. కార్నెగీ మెలన్‌లో రాబ్ మెక్‌లాక్లన్ రాసిన కంపైలర్ ఈ వరసను తిరగేసింది. దాని పేరు పైథాన్, అదే పేరున్న భాషతో చుట్టరికం లేదు. అది ప్రకటనను రుజువు కావలసిన వాదనగా తీసుకుంటుంది. రుజువు దొరికితే తనిఖీ తీసేస్తుంది, లేకపోతే తనిఖీ ఉంచుతుంది, అబద్ధమని ముందే తేలితే కంపైల్ చేసేటప్పుడే వార్నింగ్ ఇస్తుంది.   1999 చివర్లో విలియం న్యూమన్ ఆ కంపైలర్ ఉన్న కార్నెగీ మెలన్ లిస్ప్ నుంచి ఒక పాయ చీల్చి, స్టీల్ బ్యాంక్ కామన్ లిస్ప్, పొట్టిగా ఎస్‌బీసీఎల్, అని పేరు పెట్టాడు. కార్నెగీది ఉక్కు, మెలన్‌ది బ్యాంకు.

టెస్టుల సంగతి క్లుప్తంగా. ప్రాంప్ట్ దగ్గరే ప్రతిదీ పరీక్షించుకునే అలవాటున్నవాళ్లకు టెస్టులు రాసిపెట్టడం ఆలస్యంగానే వంటబట్టింది. రిచర్డ్ వాటర్స్ 1991లో ‘ఆర్‌టీ’ అనే చిన్న పనిముట్టు గురించి రాశాడు. తర్వాత ఫైవ్ఏఎమ్ లాంటివి చాలా వచ్చాయి. మాక్రోలు చేతిలో ఉంటే టెస్ట్ చట్రం రాయడం ఒక మధ్యాహ్నం పని, అందుకే ఎవరి చట్రం వాళ్లదైంది. వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది పాల్ డీట్జ్ పని. ఆర్‌టీ ఆధారంగానే ఆన్సీ ప్రమాణానికి 20 వేలకు పైగా టెస్టులు కూర్చాడు. పైగా యాదృచ్ఛికంగా ఫంక్షన్లు పుట్టించి, ఒకే ఫంక్షన్‌ను రకరకాల కంపైలర్ సెట్టింగులతో నడిపి, జవాబులు కలుస్తున్నాయా అని చూశాడు. ఒకే ప్రోగ్రామ్‌కు రెండు అర్థాలు రావడమనే మాక్‌లిస్ప్ నాటి శాపమే ఇక్కడ వలగా మారింది. చాలా కంపైలర్లలోని బగ్గులు అందులో పడ్డాయి.

ఇక లైబ్రరీలు. 2000 తర్వాత డాన్ బార్లో రాసిన ఏఎస్‌డీఎఫ్‌తో ఒకరి కోడ్‌ను ఇంకొకరు అడక్కుండానే కట్టుకునే రోజులొచ్చాయి. ఫైలు కంపైల్ అయ్యాక లిస్ప్ మూడు విలువలిస్తుంది, మూడోది ‘విఫలమైందా’ అన్నది. దాన్ని ఎంత గట్టిగా పట్టించుకోవాలన్నది ఏఎస్‌డీఎఫ్ ఒక్కో లిస్ప్‌కు ఒక్కోలా నిర్ణయించింది. చాలావాటిలో హెచ్చరించి ముందుకు పోయేది, ఎస్‌బీసీఎల్‌లో మాత్రం అక్కడే ఆపేసేది. తెలియని ఫంక్షన్ పేరుంటే ఎస్‌బీసీఎల్ చిన్న వార్నింగ్‌తో సరిపెడుతుంది, రేపు ఇంకో ఫైల్లో రావచ్చు కాబట్టి. తెలియని చరరాశి ఉంటే పెద్ద వార్నింగ్, అంటే వైఫల్యం.

అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించింది ‘డిఫ్‌కాన్‌స్టంట్’. ఒక జాబితాను స్థిరాంకంగా నిర్వచిస్తే, కంపైల్ చేసేటప్పుడు ఒకసారి, లోడ్ చేసేటప్పుడు మరోసారి ఆ జాబితా తయారవుతుంది. చూపుకు రెండూ ఒకటే, మెమరీలో వేర్వేరు. కొత్త విలువ అదే వస్తువు కాకపోతే ఏమవుతుందో ప్రమాణం చెప్పలేదు. చాలా లిస్ప్‌లు చూసీచూడనట్టు పోతాయి, ఎస్‌బీసీఎల్ ఎర్రర్ ఇస్తుంది. చివరికి అలెగ్జాండ్రియా అనే లైబ్రరీలో, రెండు విలువలను ఎలా పోల్చాలో మనమే చెప్పుకునే మాక్రో ఒకటి వచ్చింది.

2010లో జాక్ బీన్ క్విక్‌లిస్ప్ అనే లైబ్రరీల భాండారం తెచ్చాడు. వెయ్యికి పైగా లైబ్రరీలను ప్రతి విడుదలకూ ముందు ఎస్‌బీసీఎల్ మీద కట్టి చూస్తారు, కట్టుబడని లైబ్రరీ ఆ విడుదలలో ఉండదు. ఎస్‌బీసీఎల్ నెలనెలా కొత్తది వస్తుంది. అందులో ఒక వార్నింగ్ గట్టిపడితే, పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని లైబ్రరీ హఠాత్తుగా తప్పు చేసినదవుతుంది. దాన్ని రాసినవాడు ఎప్పుడో ఇంకో ఉద్యోగంలో ఉంటాడు. ఎక్కడో ఒక కుర్రాడు దాని మీద ఆధారపడిన ఇంకేదో లోడ్ చేయబోతే, పాత లిస్ప్ మెషీన్ మర్యాదతోనే తెర తెరుచుకుంటుంది. మళ్లీ కంపైల్ చేయనా, లేక ఈ ఫైలు సరిగ్గానే కంపైల్ అయిందని అనుకుని ముందుకు పోనా అని ఏఎస్‌డీఎఫ్ అడుగుతుంది. ఆ ఫైల్లో ఏముందో కుర్రాడు ఇంతవరకు చూడలేదు.