బయ్యారం చెరువు చెప్పిన వంశక్రమం

మహబూబాబాద్ జిల్లా బయ్యారం పెద్దచెరువును తవ్వించింది కాకతీయ రాజు గణపతిదేవుడి తోబుట్టువు మైలమ. ఊరికి తల్లి బయ్యమ పేరు, చెరువుకు తన బిరుదు మీద ధర్మకీర్తిసముద్రం అనే పేరు పెట్టింది. అక్కడ వేయించిన శాసనంలో పుట్టింటి వంశాన్ని వరసగా చెప్పించింది. కాకతీయుల మూలపురుషులను వెతికేవాళ్లు ముందుగా చూసేది ఆ రాతినే.

అందులో దుర్జయ వంశానికి చెందిన వెన్న మొదటివాడు. కాకతి అనే చోటు నుంచి ఏలాడు కాబట్టి వంశానికి ఆ పేరు. తర్వాత గుండ పేరుతోనే ముగ్గురు, ఆపైన ఎర్ర, పిండిగుండ, గరుడబేత. అక్కడి నుంచి ప్రోలులు, బేతలు దాటి గణపతిదేవుడి దాకా వస్తుంది.

అంతకు రెండున్నర శతాబ్దాల ముందే, 956లో, వేంగి చాళుక్య రాజు దానార్ణవుడు వేయించిన మాంగల్లు తామ్రశాసనం మరో వరస చెబుతుంది: గుండియ రాష్ట్రకూట, ఎఱియ రాష్ట్రకూట, బేతియ, కాకర్త్య గుండ్యన. గుండ, ఎర్ర, మళ్లీ గుండ: రెండు చోట్లా అదే నడక. తేడా బేతియ దగ్గరే. అతను రాగిరేకులో ఉన్నాడు, రాతిలో లేడు.

దీన్ని తేల్చడానికి మన ఇళ్లలోని ఆనవాయితీ పనికొస్తుంది. తాత పేరు మనవడికి పెడతాం. గుండ్యన అంటే రాతిలోని పిండిగుండే. అతని కొడుకు గరుడబేత, అతని తండ్రి బేతియ. మైలమ రాయి వదిలేసిన తాత మనవడి పేరులో మిగిలాడన్నమాట. తర్వాతి తరాల్లోనూ ప్రోలుడు, బేతడు, మళ్లీ ప్రోలుడు వచ్చింది ఇదే పద్ధతిలో.

పేరు చివరి 'రాష్ట్రకూట' మాత్రం అంత సులువుగా తేలదు. మాన్యఖేటను ఏలిన రాష్ట్రకూట రాజులకు చుట్టరికమని కొందరు, వాళ్ల కింది కొలువని, పదవి పేరని మరికొందరు. గరుడబేత పేరులోని గరుడుడు రాష్ట్రకూటుల చిహ్నమే. కల్యాణి చాళుక్యుల ఏలుబడిలోకి వచ్చాక కాకతీయుల ముద్ర మీదికి వరాహం ఎక్కింది. ఇక కాకతి అంటే ఊరు కాదు, ఏకశిలానగరపు, అంటే ఓరుగల్లు, దేవత అన్నాడు 'ప్రతాపరుద్రీయం' వ్యాఖ్యాత కుమారస్వామి సోమపీథి.

రాజ్యం పెరిగేకొద్దీ మూలపురుషుడు పైపైకి జరిగాడు. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం దుర్జయుణ్ణి మనువు, ఇక్ష్వాకువు, రఘువు, రాముడి వరసలో చేర్చింది. 1261 నాటి మల్కాపురం శాసనంలో, రుద్రమదేవి కాలాన, గురువు విశ్వేశ్వర శివాచార్యుడు కాకతీయులను సూర్యవంశ క్షత్రియులన్నాడు. అదే కాలంలో వాళ్ల సామంతులు మల్యాలవారు బూదపూరు శాసనంలో కాకతీయులది చతుర్థకులమన్నారు, అంటే శూద్రులని. రాజు కొలువులో ఉంటూనే ఆ మాట చెక్కించారు. అది వాళ్లకు తక్కువగా తోచలేదు.

మోటుపల్లి రేవులోని శాసనం దూరదేశాల వర్తకులు చూసేది. దానికి రాముడు కావలసి వచ్చాడు. చెరువు దగ్గరి రాయిని చూసేది చుట్టుపక్కల రైతులు. అక్కడ గుండలు, ఎర్ర చాలారు. బయ్యారంలో బయ్యమ పేరు, భూపాలపల్లి వైపు గణపురంలో ఆమె కొడుకు పేరు ఇంకా నిలిచే ఉన్నాయి. సూర్యుడి దాకా వెళ్లిన వరసకన్నా, తల్లి పేరు ఊరికి పెట్టిన కూతురు చెప్పిన వరసనే నేను ముందు నమ్ముతాను. బేతియను మరిచిపోయినా సరే.