డాజ్ జన్యువు

మానవ వై క్రోమోజోమ్ పొడవాటి భుజంపై ఏజెడ్‌ఎఫ్‌సీ అనే ప్రాంతంలో ఉండి, వృషణాలలో శుక్రకణాల తయారీకి తోడ్పడే జన్యువు డాజ్. వీర్యంలో శుక్రకణాలు బొత్తిగా లేని స్థితిని అజూస్పెర్మియా అంటారు. ఆ స్థితి ఉన్న కొందరు పురుషులలో ఈ జన్యువు లోపించి ఉండడం వల్లనే దీనికి ఆ పేరు (డిలీటెడ్ ఇన్ అజూస్పెర్మియా) వచ్చింది. అటువంటి ఆరుగురిలో ఈ భుజం చివర తెగిపోయి ఉన్నట్టు 1976లో ఇటలీ శాస్త్రవేత్తలు టియెపోలో, జుఫార్డి గమనించగా, 1995లో అమెరికాలోని డేవిడ్ పేజ్ బృందం జన్యువును గుర్తించింది.

డాజ్ ఆదేశంతో తయారయ్యే ప్రోటీన్, శుక్రకణాలకు మూలమైన బీజకణాలలో ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని, ఏ ప్రోటీన్ ఎప్పుడు తయారుకావాలో నియంత్రిస్తుంది. మూడవ క్రోమోజోమ్‌పై ఉన్న డాజ్‌ఎల్ అనే జన్యువు ప్రతి ఒకటి పరిణామక్రమంలో వై మీదికి చేరి, అక్కడ నాలుగు ప్రతులుగా పెరిగింది. ఇవి ఎదురెదురుగా తిరిగిన జంటలుగా ఉంటాయి: వికటకవి అన్న మాట ఎటునుంచి చదివినా ఒకటే అయినట్టు, ఇక్కడి డీఎన్‌ఏ రెండు పోగులను ఎదురెదురు దిక్కులనుంచి చదివితే దాదాపు ఒకే వరుస వస్తుంది. ఇటువంటి పునరావృత్తాలే ఈ ప్రాంతానికి బలహీనత కూడా, ఎందుకంటే తండ్రి బీజకణాలలో ఒకే దిశలో ఉన్న రెండు పునరావృత్తాలు పొరపాటున జతకూడితే నడుమనున్న సుమారు 35 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు నాలుగు డాజ్ ప్రతులతో సహా జారిపోతాయి. వాటితోపాటు ఇతర జన్యువులూ పోతాయి కనుక దోషమంతా డాజ్‌దేనని చెప్పడం సరికాదు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, అజూస్పెర్మియా ఉన్న 340 మంది భారతీయ పురుషులలో 29 మందికి, అంటే 8.5 శాతానికి, వై క్రోమోజోమ్ లోపాలు కనిపించాయి. వాటిలో ఏజెడ్‌ఎఫ్‌సీ లోపమే అధికం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు మొదలుకొని తెలుగునాట అంతటా పిల్లలు కలగకపోతే గొడ్రాలన్న నింద భార్యకే అంటగట్టడం అన్యాయమని ఈ అంకెలు తేటతెల్లం చేస్తున్నాయి. భర్తకు ముందుగా వీర్యపరీక్ష, అవసరమైతే కొద్దిపాటి రక్తంతో పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష చేస్తే కారణం తెలియవచ్చు.

ఈ పరీక్ష చికిత్సకు కూడా దారి చూపుతుంది. వై మీదనే ఉన్న ఏజెడ్‌ఎఫ్‌ఏ అనే మరో ప్రాంతం పూర్తిగా లోపిస్తే వృషణాలలో శుక్రకణాలు దొరికే ఆశ దాదాపు ఉండదు కాబట్టి శస్త్రచికిత్స నిష్ప్రయోజనం; ఏజెడ్‌ఎఫ్‌సీ మాత్రమే లోపించినవారిలో పలువురికి కొన్ని కణాలైనా లభిస్తాయి, వాటిని ఇక్సీ పద్ధతిలో నేరుగా అండంలోకి ప్రవేశపెట్టవచ్చు. అలా పుట్టిన కొడుకుకు తండ్రి వై క్రోమోజోమ్ లోపంతో సహా వస్తుందన్న సంగతి దంపతులకు చికిత్సకు ముందే వివరించాలి. కూతురికి తండ్రి ఎక్స్ క్రోమోజోమ్ మాత్రమే చేరుతుంది కనుక ఈ లోపం ఆమెకు రాదు.