కొన్నిటినే ఎన్నుకొను గణితము

రైలులో కాజీపేటనుండి విజయవాడకు పోవువారు ఎర్రుపాలెం స్టేషనును ఎరుగుదురు. ఆ చుట్టుపట్ల 20 ఊళ్లను తీసుకొందము. వర్షమాపకములు మూడింటికే పైకము కలదని ఊహింతము. ఆ మూడు చోట్ల కొలతలకు తగిన తూకము నిచ్చి, ప్రాంతమంతటి వానను అంచనా కట్టవలెను. తక్కిన 17 ఊళ్ల తూకము సున్న. ఏ మూడు ఊళ్లను ఎన్నుకొనవలెను? కూర్పులు 1,140; ఓపికతో అన్నిటిని చూడవచ్చును. 100 ఊళ్లలో 10 అన్నచో కూర్పులు 17 లక్షల కోట్లు దాటును.

చిక్కు అంతటితో ముగియదు. తూకము సున్ననుండి రవ్వంత కదలినను ఊరు లెక్కలోనికి వచ్చును. అటుపై ఎంత పెరిగినను ఆ లెక్క మారదు. ఇట్లు మెట్టువలె ఎగురు ప్రశ్నకు, వాలు వెదకి నడచు కలనగణితము అక్కరకు రాదు.

ఇట్టి మెట్టుతో శ్రమించినవారిలో తెలుగువారగు కట్టా గోపాలకృష్ణమూర్తి ఒకరు. 1968లో ఆయన స్థిరవ్యయ సమస్యపై వ్యాసము ప్రకటించిరి. ఒక దారిని వాడినచో, పంపిన సరకు ఎంతైనను, నిర్ణీతమగు రుసుము చెల్లింపవలసి వచ్చుట ఆ సమస్య. పిమ్మట మిషిగన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, పూరక సమస్యను లోతుగా పరిశోధించిరి. అందు జంటగానున్న రెండు రాశులలో కనీసము ఒకటి సున్న కావలెను.

1996లో టిబ్షిరాని ఊళ్లను లెక్కించుట మాని, తూకముల పరిమాణముల మొత్తమునకు హద్దు కట్టు మార్గము చూపెను. పని తేలికైనది, కాని అసలు ప్రశ్న మారినది.

2016లో బుర్దకోవ్, కాంజో, ష్వార్జ్ అను మువ్వురు ప్రశ్నను మార్చక రూపమును మార్చిరి. వారి పద్ధతిని మన ఊళ్లకు అన్వయింతము. ప్రతి ఊరికిని, సున్నకును ఒకటికిని నడుమ తిరుగు ఒక తోడురాశి నిత్తుము. తూకమును తోడును గుణించిన సున్న రావలెను. తోడుల మొత్తము 17కు తగ్గరాదు. ఏ తోడును ఒకటిని మించదు గనుక, కనీసము 17 తోడులు సున్నకంటె పెద్దవి కాక తప్పదు. ఆ ఊళ్ల తూకములన్నియు సున్నలగును. మెట్టు పోయినది, షరతు మాత్రము నిలిచినది. మూర్తిగారు పరిశోధించిన జంటరాశుల పోలికయే ఇచట కానవచ్చును.

ఐనను చిక్కు మాయమైనదా? 1987లోనే మూర్తిగారు సంతోష్ కబాడీతో కలసి ఒక కఠినసత్యమును ఋజువు చేసిరి. ఋజురేఖలకు లొంగని సమస్యలలో, మనము నిలిచిన చోటు తన పరిసరములలో మిక్కిలి పల్లమా అని తేల్చుటయే, సాధారణముగా, దుస్సాధ్యము. కావున ఈ దారిన కంప్యూటరు చూపిన ఊళ్లు మంచివే కావచ్చును. అన్నిటికంటె మేలైనవనుటకు వేరు ఋజువు కావలెను. 20 ఊళ్లకైనచో 1,140 కూర్పులను చూచి ఆ ఋజువు పొందవచ్చును. 100 ఊళ్లకు ఒక్కొక్కటే చూచి తేల్చుట మిక్కిలి భారమగు పని.